క్వాంటమ్ ఆఫ్ సొలేస్: తప్పు కథదా, కత్తెరదా?

జేమ్స్ బాండ్ సినిమాల గురించి మాట్లాడుకునేటప్పుడు 2008లో వచ్చిన ‘క్వాంటమ్ ఆఫ్ సొలేస్’ ప్రస్తావన వస్తే చాలామంది ఒకే మాటతో తేల్చేస్తారు: అర్థం కాలేదు. కొందరికి కథ అర్థం కాలేదు. కొందరికి ఫైట్లలో ఎవరు ఎవర్ని కొడుతున్నారో అర్థం కాలేదు. ఇంకొందరికి అసలిది బాండ్ సినిమాలా ఎందుకు లేదో అర్థం కాలేదు. ఈ మూడూ వేర్వేరు ఫిర్యాదులు. కారణాలూ వేరు, బాధ్యులూ వేరు. అన్నిటినీ ఒకే మూటగా కట్టి ‘ఫ్లాప్ సీక్వెల్’ అని పక్కన పడేయడంతో ఇందులో ఉన్న గట్టి సరుకు కూడా మూటలోనే ఉండిపోయింది. నిజానికి ఫ్లాప్ అన్న మాట వసూళ్ల లెక్కలో కూడా నిలబడదు. ప్రపంచవ్యాప్తంగా 58 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి.

ముందు కథ సంగతి. 2006లో వచ్చిన ‘క్యాసినో రాయల్’తో డేనియల్ క్రెయిగ్ బాండ్ అయ్యాడు. ఆ సినిమాలో బాండ్ వెస్పర్ లిండ్ అనే అమ్మాయిని ప్రేమించి, ఉద్యోగం మానేయడానికి కూడా సిద్ధపడతాడు. ఆమె అతన్ని మోసం చేసిందని తెలుస్తుంది, వెనిస్‌లో అతని కళ్లముందే నీళ్లలో మునిగి చనిపోతుంది. ఆమెను ఆడించిన ముఠా మనిషి మిస్టర్ వైట్‌ని వెతుక్కుంటూ వెళ్లి బాండ్ కాలి మీద కాల్చడంతో సినిమా ముగుస్తుంది. ‘క్వాంటమ్’ ఆ తర్వాత సుమారు గంటకు మొదలవుతుంది. కారు డిక్కీలో ఉన్నది ఆ వైటే. అంతవరకు వచ్చిన ఇరవై ఒక్క బాండ్ సినిమాల్లో ఏదీ ముందు సినిమా ఆగిన చోటే ఇలా అందుకోలేదు. ఏ సినిమాకు ఆ సినిమా వేరు. ప్రేక్షకుడు ఏ బాండ్ సినిమాకైనా ఖాళీ చేతులతో వెళ్లి కూర్చోవచ్చు.

‘బాహుబలి’ తర్వాత మనకు రెండో భాగం అంటే ఏమిటో బాగా అలవాటైంది. మొదటి భాగం గుర్తుంచుకుని రావడం ప్రేక్షకుడి వంతు. 2008లో బాండ్ ప్రేక్షకుడికి ఆ అలవాటు లేదు. రెండేళ్ల కిందటి సినిమాలో మేథిస్ ఎవరు, అతన్ని బాండ్ ఎందుకు అనుమానించాడు, వెస్పర్ పాత ప్రియుడి సంగతేమిటి, ఇవన్నీ గుర్తుంటేనే ఈ సినిమాలో సగం సీన్లకు బరువు ఉంటుంది. గుర్తు చేయడానికి సినిమా పెద్దగా ప్రయత్నించదు. నా దృష్టిలో ఇది తప్పు కాదు, ధైర్యం. కానీ ఆ ధైర్యానికి ముందస్తు ప్లాన్ లేదన్నదే అసలు చిక్కు. ఇంత నేరుగా సీక్వెల్ తీయాలని మొదట అనుకోలేదని, చివరికి అలా తయారైందని క్రెయిగే తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు.

అలా ఎందుకు తయారైందో తెలియాలంటే 2007 నవంబర్‌కు వెళ్లాలి. ఆ నెల 5న అమెరికా రచయితల సంఘం సమ్మెకు దిగింది. స్క్రిప్టు మీద పనిచేస్తున్న పాల్ హగ్గిస్ సమ్మె మొదలయ్యే ముందు చివరి గంటల్లో తన వెర్షన్ అప్పగించి కలం పక్కన పెట్టాడు. సమ్మె 2008 ఫిబ్రవరి 12 దాకా నడిచింది. జనవరిలోనే లండన్ దగ్గరి పైన్‌వుడ్ స్టూడియోలో షూటింగ్ మొదలైపోయింది. విడుదల తేదీ కదలదు. సెట్లో సీన్ కుదరకపోతే మార్చడానికి రచయితను పిలవడానికి వీల్లేదు. దర్శకుడు మార్క్ ఫోర్స్టర్, హీరో క్రెయిగ్ కూర్చుని సీన్లు సవరించుకున్నారు. తాను రచయితను కాదని, ఆ పని చేయాల్సి వచ్చిందని క్రెయిగ్ దాచుకోకుండా చెప్పాడు.

స్క్రిప్టు రెండోసారి, మూడోసారి తిరగరాసేటప్పుడు జరిగేది డైలాగులు మెరుగు పడటం మాత్రమే కాదు. ‘ఈ సంగతి హీరోకి ఎలా తెలిసింది?’ అన్న ప్రశ్నకు జవాబు పుట్టేది అక్కడే. ఈ సినిమాలో ఆ ప్రశ్న వేసుకుంటూ చూడండి, సమ్మె ఎక్కడ గండి కొట్టిందో కనబడుతుంది. విలన్ డామినిక్ గ్రీన్ బొలీవియా ఎడారిలో దేనికోసం భూమి కొంటున్నాడన్నది కథకు గుండెకాయ లాంటి రహస్యం. బాండ్ దాన్ని ఎలా కనిపెడతాడు? విమానం కూలిపోతుంటే అతనూ కమీల్ అనే అమ్మాయీ ఒకే పారాచూట్‌తో దూకుతారు. అది నేలకు కాస్త ముందు తెరుచుకుంటుంది. వాళ్లు ఒక పెద్ద గుంటలోకి పడతారు. లేచి నడిస్తే అక్కడే భూగర్భంలో కట్టిన ఆనకట్ట, వెనక నిండుగా నీళ్లు. అంటే గూఢచారి రహస్యాన్ని ఛేదించలేదు, రహస్యం మీద పడ్డాడు. గూఢచారి కథలో ఇంతకంటే పెద్ద లోపం ఉండదు. పైగా పారాచూట్‌తో దూకే ఆ సీన్‌లో గ్రాఫిక్స్ తేలిపోయాయి. అంతకుముందు నిజమైన కారు, నిజమైన డాబా చూసిన కంటికి అది వెంటనే పట్టేస్తుంది.

స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ పాత్రకూ ఇదే అన్యాయం జరిగింది. బాండ్‌ని వెనక్కి తీసుకెళ్లడానికి వచ్చిన కాన్సులేట్ ఉద్యోగిని. కొద్దిసేపటికే అతనితో హోటల్ గదిలో, మరికొద్దిసేపటికే శవంగా మంచం మీద, ఒళ్లంతా ముడిచమురు. 1964 నాటి ‘గోల్డ్‌ఫింగర్’లో బంగారు పూతతో చనిపోయిన అమ్మాయిని తలపించేలా తీసిన షాట్ అది. చూడటానికి బలంగా ఉంటుంది, కానీ అరువు తెచ్చుకున్న బలం. ఆ అమ్మాయి ఎవరో తెలిసేలోపే ఆమె చావు పాత సినిమాకు నమస్కారంగా మారిపోయింది. ఆ తర్వాత బాస్ ఎం పాత్రలో జూడీ డెంచ్ బాండ్‌ని నిలదీసే తీరు మాత్రం మర్చిపోలేం. ఫీల్డ్స్ ఆఫీసులో రిపోర్టులు చూసుకునే మనిషి అని, బాండ్ ఆకర్షణే ఆమెకు ఈ గతి పట్టించిందని ముఖం మీదే అంటుంది. బాండ్ సినిమాలు దశాబ్దాలుగా దాటవేసిన ప్రశ్న అది.

రెండో ఫిర్యాదుకు, అంటే ఫైట్లకు, సమ్మెతో సంబంధం లేదు. ఇది పూర్తిగా కత్తెర దగ్గర జరిగిన నిర్ణయం.

ఒక ఛేజ్ అర్థం కావాలంటే ముందు చోటు అర్థం కావాలి. తరిమేవాడు ఎటు నుంచి వస్తున్నాడు, పారిపోయేవాడికి దారి ఏది, పడితే ఎంత లోతు. దూరం నుంచి తీసిన షాట్‌ని కాస్త నిలబెడితే ఈ లెక్క మన తలలో తయారవుతుంది. ఆ తర్వాత ఎంత దగ్గరి షాట్లు వేసినా, ఎంత వేగంగా కోసినా మనం తప్పిపోం. ‘క్యాసినో రాయల్’ మొదట్లో క్రేన్ల మీద నడిచే ఛేజ్ గుర్తు తెచ్చుకోండి. దర్శకుడు మార్టిన్ క్యాంప్‌బెల్ ప్రతి ఎత్తునూ ముందు చూపించాడు. పైన ఇద్దరు, కింద ఊరు, మధ్యలో గాలి. టెన్షన్ దూకడంలో కాదు, దూకబోయే దూరం మనకు ముందే తెలియడంలో ఉంది.

‘క్వాంటమ్’ ఆరంభం ఇటలీలో గార్డా సరస్సు పక్కన, సొరంగాల రోడ్డు మీద. బాండ్ ఆస్టన్ మార్టిన్‌ని నల్లటి ఆల్ఫా రోమియోలు తరుముతుంటాయి. చక్రం, కన్ను, గన్ను, గాజు పెంకులు, మళ్లీ చక్రం. ఏ షాటూ కంటికి ఆనేదాకా ఆగదు. తరిమే కార్లు రెండా మూడా అని కూడా మొదటిసారి చూసినప్పుడు చెప్పలేం. ఆ వెంటనే సియెనా నగరం. అక్కడ ఏటా జూలై 2న, ఆగస్టు 16న జరిగే పాలియో గుర్రప్పందేలు చాలా ప్రసిద్ధి. పైన చౌకంతా జనం, గుర్రాలు. కింద నేలమాళిగలో వైట్‌ని ప్రశ్నిస్తుంటారు. ఎం పక్కనే ఏళ్లుగా ఉన్న అంగరక్షకుడు మిచెల్ ఉన్నట్టుండి గన్ తిప్పుతాడు. ఎంత మంచి మలుపు! ‘మా మనుషులు అన్ని చోట్లా ఉన్నారు’ అని వైట్ అనడం, అది నిజమని అదే గదిలో తేలిపోవడం. కానీ కాల్పులు మొదలైన క్షణం నుంచి ఎడిటింగ్ గుర్రాలకూ మనుషులకూ మధ్య గంతులు వేస్తుంది. ఎవరికి తూటా తగిలింది? ఎం బతికుందా? వైట్ ఎటు పోయాడు? సీన్ అయిపోయాక సంభాషణల నుంచి ఏరుకోవాలి.

బాండ్ మిచెల్‌ని తరిమే ఆ ఛేజ్ డాబాల మీదుగా వెళ్లి, ఇద్దరూ గాజు కప్పు పగలగొట్టుకుని పరంజా మీద పడటంతో ముగుస్తుంది. తాళ్లకు చిక్కుకుని వేలాడుతూ, చేతికి అందీ అందని గన్ కోసం పెనుగులాట. ఆలోచనగా ఇది ఆ దశాబ్దపు మంచి ఫైట్లలో ఒకటి కావాల్సింది. ప్రమాదాన్ని ఒప్పుకుని స్టంట్ కళాకారులు చేసిన పనిని అర సెకను కూడా నిలవనివ్వకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో దాపరికం లేదు. అప్పట్లో ‘బోర్న్’ గూఢచారి సినిమాల ఊగే కెమెరా, ముక్కలు ముక్కల ఎడిటింగ్ గాలి బలంగా వీస్తోంది. ఆ సినిమాలకు పనిచేసిన డాన్ బ్రాడ్లీని ఇక్కడ సెకండ్ యూనిట్ దర్శకుడిగా తెచ్చుకున్నారు. ఇద్దరు ఎడిటర్లలో ఒకరైన రిచర్డ్ పియర్సన్ కూడా ఒక బోర్న్ సినిమాకు పనిచేసినవాడే. అయితే బోర్న్ గతం మర్చిపోయిన మనిషి. అతని చుట్టూ ప్రపంచం ముక్కలుగా కనబడటానికి కథలోనే కారణం ఉంది. బాండ్ పరిస్థితి దానికి పూర్తిగా ఎదురు. అతనికి అన్నీ గుర్తే, అదే అతని బాధ. అలాంటి మనిషి కథకు ఆ కెమెరా నప్పదు. ‘బాండ్ కోపంలో ఉన్నాడు కాబట్టి ఎడిటింగ్ కూడా కోపంగా ఉంది’ అని సమర్థించేవాళ్లున్నారు. కోపం నటుడి ముఖంలో కనబడుతూనే ఉంది. క్రెయిగ్ దానికి కత్తెర సాయం అవసరం లేని నటుడు.

ఇదే దర్శకుడు, ఇదే ఎడిటర్లు సినిమా మధ్యలో ఏం చేశారో చూస్తే ఈ మాట నిజమని తెలుస్తుంది. ఆస్ట్రియాలోని బ్రెగెంజ్‌లో సరస్సు నీళ్ల మీద ఆపెరా స్టేజీ ఉంది. అక్కడ పుచ్చీని ‘టోస్కా’ నడుస్తుంటుంది. వెనక సెట్ ఒక బ్రహ్మాండమైన కన్ను. క్వాంటమ్ అనే రహస్య ముఠా సభ్యులు వేలమంది ప్రేక్షకుల మధ్య చెదురుమదురుగా కూర్చుని, చెవిలో ఇయర్‌పీస్‌లతో మీటింగ్ పెట్టుకుంటారు. బాండ్ ఒక ఇయర్‌పీస్ సంపాదించి ఎత్తు మీద నుంచి వింటాడు. వాళ్లెవరో, ఎక్కడున్నారో అతనికి తెలియదు. ఇంత జనంలో ఎలా కనిపెట్టాలి? మాటల్లోకి దూరి, మీరు కలుసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు చూసుకోవాల్సింది అంటాడు. అంతే, కంగారుపడి ఒక్కొక్కరే సీట్లోంచి లేస్తారు. లేచినవాళ్లందరినీ ఫొటో తీస్తాడు. కదలకుండా కూర్చున్నవాడు ఒక్కడే, మిస్టర్ వైట్. పక్కవాళ్ల కంగారు చూసి తను స్థిరంగా ఉండటంలోనే వాడి అనుభవమంతా తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక్క దెబ్బ కూడా పడలేదు, కానీ గూఢచారి సినిమా ఇదీ అనిపిస్తుంది. తెలివి ఉంది, ఎత్తు ఉంది, చోటు స్పష్టంగా ఉంది. వెంటనే వచ్చే కాల్పుల్లో గన్నుల చప్పుడు దాదాపు తీసేసి ఆపెరా సంగీతం మీదే నడిపారు. పరుగెత్తే మనుషులు, స్టేజీ మీద చావులు పక్కపక్కనే. సియెనాలో గుర్రాలతో విఫలమైన పద్ధతే ఇది, ఇక్కడ ఎందుకు ఫలించిందంటే మీటింగ్ జరిగేదీ ఆ కచేరీలోనే, చిక్కుముడి విప్పేదీ ఆ కచేరీలోనే. గుర్రప్పందెం తీసేస్తే సియెనా సీన్‌కు పోయేదేమీ లేదు. టోస్కా తీసేస్తే బ్రెగెంజ్ సీనే లేదు.

విలన్ విషయంలో నేను చాలామందితో ఏకీభవించను. గ్రీన్ బలహీనుడు, లోకాన్ని పేల్చేసే పథకం కూడా లేదు అంటారు. మాథ్యూ అమాల్రిక్ ముఖం మీద గాటు లేదు, చేతికి ఇనుప గోళ్లు లేవు. పర్యావరణ సంస్థ పెద్దగా పార్టీల్లో ఉపన్యాసాలిస్తూ తిరుగుతాడు. పదవి పోయిన జనరల్ మెద్రానోకు కుట్రతో గద్దె ఇప్పించి, బదులుగా పనికిరాని ఎడారి ముక్క అడుగుతాడు. అక్కడ చమురు ఉందనుకుని అమెరికా, బ్రిటన్ గూఢచార సంస్థలు చూసీచూడనట్టు ఉంటాయి. తీరా సంతకాల రోజున బయటపడేది ఏమిటంటే, దేశపు నీళ్లలో అరవై శాతానికి పైగా గ్రీన్ చేతిలో ఉన్నాయి. ఇకమీదట రెట్టింపు ధరకు అతని దగ్గరే కొనాలి.

ఇది గాలిలోంచి పుట్టిన ఊహ కాదు. బొలీవియాలోనే కొచబాంబా నగరంలో 1999లో నీటి సరఫరాను విదేశీ వాటాలున్న ఒక ప్రైవేట్ కన్సార్టియంకు అప్పగించారు. నీటి బిల్లులు ఒక్కసారిగా పెరిగాయి. 2000 సంవత్సరం మొదటి నెలల్లో జనం వీధుల్లోకి వచ్చారు, ప్రభుత్వం అత్యవసర పరిస్థితి పెట్టింది, కాల్పుల్లో పదిహేడేళ్ల కుర్రాడు చనిపోయాడు. ఆ ఏప్రిల్‌లో కాంట్రాక్టు రద్దు చేయాల్సి వచ్చింది. సినిమాలో ఊరి జనం ఖాళీ కుళాయి దగ్గర గిన్నెలు పట్టుకుని నిలబడే చిన్న సీను ఉంది. నీళ్లు చుక్కచుక్కగా వచ్చి ఆగిపోతాయి. బోరు ఎండిపోవడం అంటే ఏమిటో తెలిసిన అనంతపురం, పాలమూరు ప్రేక్షకుడికి గ్రీన్ చిన్న విలన్‌గా కనబడడు. చిక్కల్లా, ఆ ఊరి మనుషుల్లో ఒక్కరికీ పేరు లేదు, మాట లేదు. దాహం పడేవాడిని కాసేపు చూపించి ఉంటే పథకం పెద్దదో చిన్నదో అన్న చర్చే వచ్చేది కాదు.

ఈ బొలీవియా ఎడారి సీన్లు తీసింది నిజానికి చిలీలోని అటకామా ఎడారిలో. క్లైమాక్స్ హోటల్‌గా కనబడే భవనం పరనాల్ అబ్జర్వేటరీలో ఖగోళ శాస్త్రవేత్తలు ఉండే వసతి గృహం. 1879లో మొదలైన యుద్ధంలో ఆ తీరప్రాంతాన్ని చిలీ బొలీవియా నుంచి గెలుచుకుంది. తమ నేలను బొలీవియాగా చూపించడం నచ్చక స్థానిక మేయర్ ఒకాయన తన కారుతో షూటింగ్ మధ్యలోకి దూసుకొచ్చాడు. ఆ నేల పేరు మీద నూరేళ్లు దాటిన గాయం ఇంకా పచ్చిగానే ఉందన్నమాట.

ఇక సినిమాకు అసలు బలం, నేను దీన్ని మళ్లీ మళ్లీ చూడటానికి కారణం, బాండ్ దుఃఖం. దాన్ని రాసిన తీరు చాలా పొదుపు. విమానంలో రాత్రి అందరూ నిద్రపోతుంటే బాండ్ బార్ దగ్గర కూర్చుని తాగుతుంటాడు. మేథిస్ వచ్చి ఏం తాగుతున్నావని అడుగుతాడు. తెలియదంటాడు బాండ్. బార్‌మన్ ఒక్కొక్కటిగా దినుసులన్నీ చెబుతాడు. మొదటి సినిమా చూసినవాళ్లకు అది ఏ డ్రింకో తెలుసు. బాండే కనిపెట్టి వెస్పర్ పేరు పెట్టాడు. ఆ పేరు అతని నోట రాదు. ఆ ఒక్క సీన్ కోసం సమ్మె గండ్లన్నీ క్షమించవచ్చు.

మేథిస్ చావు ఇంకా కఠినం. మొదటి సినిమాలో ఇతను ద్రోహి అని బాండ్ అనుమానించి పట్టించాడు, తర్వాత నిర్దోషి అని తేలింది. అయినా సాయానికి వచ్చాడు. బొలీవియా పోలీసుల తూటాలకు బాండ్ చేతుల్లో చనిపోతూ వెస్పర్‌ని క్షమించమంటాడు, నిన్ను నువ్వు కూడా క్షమించుకోమంటాడు. అతని శవాన్ని బాండ్ తీసుకెళ్లి చెత్త డబ్బాలో పడేసి, పర్సులోంచి డబ్బులు తీసుకుంటాడు. కమీల్ నిర్ఘాంతపోతే, అతను పట్టించుకోడులే అంటాడు. హీరోని ఇంత చేదుగా చూపించే ధైర్యం మన కమర్షియల్ సినిమాకే కాదు, హాలీవుడ్‌కూ అరుదు.

ఓల్గా కురిలెంకో చేసిన కమీల్ కథ బాండ్ కథకు పక్కనే సమాంతరంగా నడుస్తుంది. చిన్నప్పుడు తన కుటుంబాన్ని చంపి ఇల్లు తగలబెట్టిన మెద్రానో మీద ఆమె పగ. బాండ్‌తో ప్రేమ లేదు. క్లైమాక్స్‌లో హోటల్ అంటుకుని మంటలు చుట్టుముట్టినప్పుడు పగ తీరిన ఆ మనిషి చిన్నపిల్లలా ముడుచుకుపోతుంది. పగ తీర్చుకున్నాక ఏం మిగులుతుందో బాండ్ అక్కడ దగ్గరి నుంచి చూస్తాడు. అందుకే చివర్లో కజాన్ నగరపు మంచులో, వెస్పర్‌ని వలలో వేసిన ఆ పాత ప్రియుడు యూసెఫ్ తన చేతికి చిక్కినా చంపడు. ఎంకి అప్పగిస్తాడు.

మూడో ఫిర్యాదుకు, అంటే బాండ్ సినిమాలా లేదన్నదానికి, జవాబు కూడా ఇక్కడే ఉంది. ‘బాండ్, జేమ్స్ బాండ్’ అన్న డైలాగ్ ఈ సినిమాలో లేదు. బాండ్‌కి ఆయుధాలు అందించే క్యూ లేడు, ఎం సెక్రటరీ మనీపెన్నీ లేదు. తుపాకి గొట్టంలోంచి బాండ్ కనబడే ప్రసిద్ధమైన షాట్ మొదట్లో కాక చివర్లో వస్తుంది, కజాన్ సీన్ అయ్యాక. అక్కడికి గానీ ఇతను మనకు తెలిసిన బాండ్ కాలేదని చెప్పడానికే ఆ ఏర్పాటు. ఇది మర్చిపోవడం కాదు, కావాలని చేసింది. ఎలివేషన్ కోసం ఎదురుచూసే ప్రేక్షకుడికి అది ఇవ్వకుండా చివరిదాకా ఆపడం ప్రమాదకరమైన పందెం. 144 నిమిషాల ‘క్యాసినో రాయల్’ తర్వాత 106 నిమిషాల్లో, బాండ్ సినిమాలన్నిట్లో అతి తక్కువ నిడివితో ముగించడం ఆ పందేన్ని ఇంకా కష్టం చేసింది. డాబాల మీద ఒక పరుగు తగ్గించి విమానంలోని సీను లాంటివి ఇంకో రెండు పెట్టి ఉంటే సరిపోయేది.

తర్వాత వచ్చిన 2012 నాటి ‘స్కైఫాల్’ ఈ పాఠాల్లో ఒకటి నేర్చుకుంది. షాంఘై ఆకాశహర్మ్యంలో ఫైట్‌ని నీడలుగా, కెమెరా దాదాపు కదపకుండా తీశారు. కానీ క్వాంటమ్ ముఠా ఊసే ఎత్తలేదు. వైట్‌ని, బ్రెగెంజ్‌లో బయటపడ్డ బ్రిటిష్ ప్రధానమంత్రి సలహాదారు హెయిన్స్‌ని బాండ్ ఎదుర్కొనే ముగింపు ‘క్వాంటమ్’ కోసం చిత్రీకరించి కూడా తీసేశారు. పాత బాండ్ సినిమాల్లోని నేరస్థుల ముఠా స్పెక్టర్ పేరు మీద ఏళ్లుగా సాగిన హక్కుల తగాదా 2013లో తేలడంతో, 2015 సినిమాలో క్వాంటమ్ ఆ పెద్ద ముఠాలో ఒక భాగమని ఒక్క మాటలో కలిపేశారు. వైట్ మాత్రం ఆ సినిమాలో తిరిగొచ్చాడు, చావుకు దగ్గరపడి, కూతురి ప్రాణం కోసం బాండ్‌తో బేరం చేసే తండ్రిగా. హెయిన్స్ ఏమయ్యాడన్నది ఏ సినిమా చెప్పలేదు.